తిమింగలాల వేట

నూనె, మాంసము, ఎముకల కొరకు తిమింగలాలను చంపుటను తిమింగలాల వేట అంటారు. తిమింగలం చేప కాదు. ఇది గాలి పీల్చుకొని, పిల్లను కని, పాలిచ్చి పెంచే క్షీరదము. పెద్ద తిమింగలాలు సాధారణంగా రెండు, మూడు సంవత్సరాలకు ఒకసారి ఒకే పిల్లను కంటాయి. అందువలన వేటలో తగ్గిన సంఖ్య తిరిగి పెరుగుటకు అనేక దశాబ్దాలు పడుతుంది. 1900 నుండి 1999 వరకు ప్రపంచవ్యాప్తంగా సుమారు 29 లక్షల తిమింగలాలు పారిశ్రామిక వేటకు బలి అయినట్లు శాస్త్రవేత్తల అంచనా. ఈ వేట భారతదేశానికి పశ్చిమాన ఉన్న అరేబియా సముద్రంలో కూడా జరిగినది.

వేట విధానము

తెరచాప ఓడల కాలంలో వేటగాళ్ళు చిన్న పడవలలో తిమింగలాన్ని సమీపించి, తాడు కట్టిన హార్పూన్ అనే బల్లెమును చేతితో విసిరేవారు. 19వ శతాబ్దంలో అమెరికా ఓడలు స్పెర్మ్ తిమింగలాల కొరకు హిందూ మహాసముద్రానికి కూడా వచ్చేవి. నీలి తిమింగలం, ఫిన్ తిమింగలం వేగంగా ఈదుట వలనను, చనిపోగానే మునిగిపోవుట వలనను ఆనాటి వేటగాళ్ళకు చిక్కేవి కావు.

1860 దశకంలో నార్వే దేశస్థుడు స్వెండ్ ఫోయిన్ ఆవిరి ఓడపై అమర్చే హార్పూన్ ఫిరంగిని అభివృద్ధి చేసినాడు. దాని కొనకు ప్రేలుడు పదార్థం ఉండేది. 1925 నుండి, వెనుక భాగంలోని ఏటవాలు దారి గుండా తిమింగలాన్ని పైకి లాగి అక్కడే నూనె తీసే కర్మాగార ఓడలు వచ్చాయి. దీనితో తీరంలో స్థావరము అవసరం లేకుండా పోయినది. దీపాలకు వాడిన తిమింగలం నూనెను తరువాతి కాలంలో సబ్బులు, మార్గరీన్ తయారీకి వాడారు.

అరేబియా సముద్రంలో వేట

1946లో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందము ప్రకారం అంతర్జాతీయ తిమింగల వేట సంఘం ఏర్పడినది. అయితే ప్రతి దేశము తన వేట లెక్కలను తానే సమర్పించేది. సోవియట్ యూనియన్ చాలా కాలం తప్పుడు లెక్కలు ఇచ్చిన సంగతి 1990 దశకంలో రష్యా శాస్త్రవేత్తల ద్వారా బయటపడినది. ఆ వివరాల ప్రకారం 1963–1967 మధ్య సోవియట్ ఓడలు ఉత్తర హిందూ మహాసముద్రంలో, ముఖ్యంగా అరేబియా సముద్రంలో చంపిన తిమింగలాలు:

* పిగ్మీ నీలి తిమింగలాలు – 1,294
* స్పెర్మ్ తిమింగలాలు – 954
* బ్రైడ్స్ తిమింగలాలు – 849
* హంప్‌బ్యాక్ తిమింగలాలు – 242

వీటిలో అతి తక్కువగా కనిపించే చివరి సంఖ్యయే అతి పెద్ద నష్టాన్ని సూచిస్తుంది. ఇతర ప్రాంతాల హంప్‌బ్యాక్ తిమింగలాలు ఏటా ధ్రువ ప్రాంతాలకు వలస వెళ్తాయి. అరేబియా సముద్రంలోనివి మాత్రం ఏడాది పొడుగునా అక్కడే ఉంటాయి. జన్యుపరంగా కూడా ఇవి ప్రత్యేకమైనవి. కావున బయటి నుండి వచ్చి వీటి లోటు తీర్చేవి లేవు. తోకలపై గుర్తులను ఛాయాచిత్రాల ద్వారా పోల్చి ఒమన్ తీరంలో వేసిన అంచనాలో ఇవి సుమారు 82 మాత్రమే ఉన్నాయని తేలినది. 1960లలో చంపబడినవి దీనికి దాదాపు మూడు రెట్లు.

ఇతర ప్రాంతాలలో ప్రభావము

అంటార్కిటికా నీలి తిమింగలాలు వేటకు ముందు సుమారు 2,39,000 ఉండగా, 1970 దశకం ఆరంభానికి 360కి పడిపోయినట్లు అంచనా. 1998 నాటికి ఇవి సుమారు 2,280కి చేరాయి. నైరుతి అట్లాంటిక్‌లోని హంప్‌బ్యాక్ తిమింగలాలు సుమారు 450 నుండి 25,000 వరకు పెరిగి బాగా కోలుకున్నాయి. ఉత్తర అట్లాంటిక్ రైట్ తిమింగలాలు వేట ఆగిన తరువాత కూడా కొన్ని వందలే మిగిలాయి. ఓడలు ఢీకొనుట, వలల తాళ్ళలో చిక్కుకొనుట వీటికి ప్రధాన ప్రమాదాలు.

రక్షణ చర్యలు

1979లో సీషెల్స్ ప్రతిపాదనపై హిందూ మహాసముద్రమును తిమింగలాల అభయారణ్యంగా ప్రకటించారు. భారతదేశం 1981లో అంతర్జాతీయ సంఘంలో చేరినది. 1982లో సంఘం వాణిజ్య వేటపై నిషేధం విధించగా, అది 1985–86 నుండి అమలులోకి వచ్చినది. నార్వే ఆక్షేపణ తెలిపి 1993లో వేటను పునఃప్రారంభించినది. జపాన్ 2019లో సంఘం నుండి వైదొలగినది. భారతదేశంలో తిమింగలాలు వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 మొదటి షెడ్యూలులో ఉన్నాయి. స్పెర్మ్ తిమింగలం నుండి లభించే అంబర్‌గ్రిస్ అమ్మకము కూడా ఇక్కడ నేరమే.

ఆంధ్ర తీరములో

తిమింగల సొర పేరులో తిమింగలం ఉన్నప్పటికీ అది చేప. గుజరాత్ తీరంలో కాలేయపు నూనె, మాంసము కొరకు దీనిని విరివిగా వేటాడేవారు. 2001లో దీనిని కూడా మొదటి షెడ్యూలులో చేర్చారు. 2021లో విశాఖపట్నం సమీపంలోని తంతడి తీరములో చిక్కుకున్న ఒక తిమింగల సొరను అటవీశాఖ సిబ్బంది, మత్స్యకారులు కలసి తిరిగి సముద్రంలోకి పంపారు.

రక్షిత జంతువుల మాంసము ముక్కలుగా దొరికినపుడు ఏ జీవిదో కంటితో గుర్తించుట కష్టము. హైదరాబాదులోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు డీఎన్ఏ ద్వారా జీవజాతిని గుర్తించే పద్ధతిని రూపొందించారు. వన్యప్రాణి నేరాల దర్యాప్తులో ఇది ఉపయోగపడుతున్నది. ఇటువంటి డీఎన్ఏ పరీక్షల ద్వారానే 1990లలో జపాన్ మార్కెట్లలోని మాంసంలో రక్షిత తిమింగలాలవి కూడా ఉన్నట్లు వెల్లడైనది.