పిల్లల డాక్టరు, వ్యసనాల పరిశోధన: డబ్బు, గురువు, గ్రీన్ కార్డు

మామూలుగా మన ఎపిసోడ్లలో జబ్బుల గురించి మాట్లాడుకుంటాం. ఈరోజు మాత్రం ఆ జబ్బుల మీద పరిశోధన చేసేవాళ్ళు ఎందుకు ఇంత తక్కువమంది ఉన్నారు అనే విషయం తీసుకుంటున్నా. అమెరికాలో సైకియాట్రీ రెసిడెన్సీ చేస్తున్న మన తెలుగమ్మాయి ఒకరు మెయిల్ పెట్టారు. "నాకు పిల్లల సైకియాట్రీ ఇష్టం, టీనేజర్లలో డ్రగ్స్ సమస్య మీద రీసెర్చ్ చేయాలనుంది. మా ప్రోగ్రాంలో ఎవరిని అడిగినా 'మంచిదే, కానీ కష్టం' అంటున్నారు. ఏం కష్టమో ఎవరూ చెప్పరు" అని రాశారు. ఆ "ఏం కష్టం" అన్నదే ఈరోజు టాపిక్.

ముందు దీనివల్ల ఎవరికి నష్టమో చూద్దాం. పదహారేళ్ళ కుర్రాడు, గంజాయి అలవాటు ఉంది, డిప్రెషన్ ఉంది. వాళ్ళమ్మ డాక్టర్ని ఒక్కటే అడుగుతుంది, "ముందు దేనికి మందివ్వాలండీ?" అని. పెద్దవాళ్ళ మీద చేసిన స్టడీలు చాలా ఉన్నాయి. పిల్లల మీద చేసినవి చాలా తక్కువ. 2007లో కొలరాడో పరిశోధకులు 13 నుంచి 19 ఏళ్ళ పిల్లలు 126 మంది మీద ఒక ట్రయల్ చేశారు. అందరికీ కౌన్సెలింగ్ ఇచ్చారు, సగంమందికి ఫ్లూయాక్సెటిన్, మిగతావాళ్ళకి ఉత్తుత్తి మాత్ర. డిప్రెషన్ మందు తీసుకున్నవాళ్ళలో ఎక్కువ తగ్గింది, డ్రగ్స్ వాడకం మాత్రం మందు వల్ల ఎక్కువ తగ్గలేదు. అంటే డిప్రెషన్ కి మందిస్తే గంజాయి దానంతట అదే పోతుంది అనుకోకూడదు, రెండింటినీ విడిగా పట్టించుకోవాలి అని అర్థమైంది. ఆ తల్లికి ఇప్పుడు ఒక జవాబు చెప్పగలుగుతున్నాం అంటే ఇలాంటి స్టడీల వల్లే.

ఇంకోటి చెప్తాను. 2008లో ఓపియాయిడ్ వ్యసనం ఉన్న 15 నుంచి 21 ఏళ్ళ వాళ్ళు 152 మంది మీద ఒక ట్రయల్ వచ్చింది. ఒక గుంపుకి రెండు వారాల డిటాక్స్ మాత్రమే. రెండో గుంపుకి బ్యుప్రెనార్ఫిన్-నాలాక్సోన్ మందు పన్నెండు వారాలు. ఎనిమిదో వారంలో మూత్ర పరీక్షలో ఓపియాయిడ్లు కనపడినవాళ్ళు డిటాక్స్ గుంపులో 54 శాతం, మందు గుంపులో 23 శాతం. తొమ్మిదో వారం నుంచి మందు తగ్గించుకుంటూ వచ్చారు. పన్నెండో వారానికి అవి 51, 43 అయ్యాయి. చూశారా, మందు తగ్గించగానే లాభం చాలావరకు జారిపోయింది. "రెండు వారాలు ఉంచి ఇంటికి పంపించండి, చాలు" అనే తండ్రికి ఈ ఒక్క స్టడీ చూపించొచ్చు.

మరి ఇలాంటివి ఎక్కువ ఎందుకు లేవు? ఇవి చేయాలంటే పిల్లల ఎదుగుదల తెలియాలి, వ్యసనం తెలియాలి, రీసెర్చ్ పద్ధతులు తెలియాలి. మూడూ తెలిసిన మనిషి తయారవ్వాలంటే అమెరికాలో మెడికల్ స్కూల్ నాలుగేళ్ళు, ఆపైన జనరల్ సైకియాట్రీ, పిల్లల సైకియాట్రీ కలిపి ఐదారేళ్ళు, అడిక్షన్ సైకియాట్రీ ఫెలోషిప్ ఇంకో ఏడాది. అప్పటికి అక్కడ చదివినవాళ్ళ నెత్తిన రెండు లక్షల డాలర్ల దాకా చదువు అప్పు ఉండటం మామూలే. ఆ రోజు వాళ్ళ ముందు రెండు దారులు. ఒకటి, క్లినిక్ లో చేరిపోవడం. పిల్లల సైకియాట్రిస్టుల కొరత ఎంతుందంటే చేరిన మర్నాటి నుంచే అపాయింట్మెంట్లు నిండిపోతాయి, జీతం బాగుంటుంది. రెండోది, తక్కువ జీతానికి, వస్తుందో రాదో తెలియని గ్రాంట్ కోసం రాత్రిళ్ళు రాసుకుంటూ కూర్చోవడం. మీరైతే ఏది తీసుకుంటారు?

దాని పైన ఇంకో చిక్కు. పిల్లల సైకియాట్రీ వాళ్ళు "డ్రగ్సా, అది అడిక్షన్ వాళ్ళ పని" అంటారు. అడిక్షన్ వాళ్ళు "పిల్లలా, అది మీ పని" అంటారు. మధ్యలో ఉన్నవాడు రెంటికి చెడ్డ రేవడి.

ఇక డబ్బు సంగతి. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య పరిశోధన సంస్థ ఎన్ఐహెచ్ కొత్త పరిశోధకుల కోసం "కె" అనే అక్షరంతో మొదలయ్యే అవార్డులు ఇస్తుంది. డాక్టర్లకి ముఖ్యమైనవి కె-23, కె-08. కె-23 అంటే రోగులతో నేరుగా చేసే పరిశోధన. ఐదేళ్ళ దాకా వస్తుంది. షరతు ఏంటంటే మీ పని సమయంలో కనీసం 75 శాతం రీసెర్చ్ కి, దాని శిక్షణకే పెట్టాలి. దీన్నే ప్రొటెక్టెడ్ టైం అంటారు, కాపాడిన సమయం అన్నమాట. నా దృష్టిలో అసలు బహుమతి డబ్బు కాదు, ఇదే. ఎందుకంటే క్లినిక్ లో పేషెంట్లు ఎప్పుడూ ఉంటారు, "ఈ ఒక్క వారం ఇంకో రెండు కేసులు చూడు" అనే హెడ్ ఎప్పుడూ ఉంటారు. సంతకం పెట్టిన కాగితం ఉంటే తప్ప "కుదరదండీ" అని చెప్పడం కొత్తగా చేరినవాళ్ళకి సాధ్యం కాదు. అయితే కె అవార్డు ఇచ్చే జీతానికి ఒక పరిమితి ఉంటుంది, మిగతాది డిపార్టుమెంటు భరించాలి. ఆ మాట ముందే రాతపూర్వకంగా తీసుకోండి. నోటిమాట మీద వెళ్తే రెండో ఏడాదికి ఆ 75 కాస్తా 50 అవుతుంది.

ఇప్పుడు కె-12. అమెరికాలో కె-12 అంటే స్కూలు చదువు కూడా, దానికీ దీనికీ సంబంధం లేదు, గూగుల్ చేస్తే టీచర్ల ఉద్యోగాలు వస్తాయి, కంగారుపడకండి. కె-12 లో ఎన్ఐహెచ్ డబ్బు ఒక సంస్థకి ఇస్తుంది, ఆ సంస్థ తనకి నచ్చిన యువ డాక్టర్లని ఎంచుకుంటుంది. సాధారణంగా ఆ సంస్థ ఒక యూనివర్సిటీ అయ్యుంటుంది. మన విషయంలో మాత్రం మాదకద్రవ్యాల పరిశోధన చూసే నైడా అనే ఎన్ఐహెచ్ విభాగం, ఆ డబ్బుని అమెరికన్ అకాడమీ ఆఫ్ చైల్డ్ అండ్ అడాలసెంట్ సైకియాట్రీకి, అంటే పిల్లల సైకియాట్రిస్టుల సంఘానికి ఇచ్చింది. ఏ ఒక్క యూనివర్సిటీలో చూసినా ఈ రెండూ కలిపి చేసే సీనియర్లు ఒకరో ఇద్దరో ఉంటారు. దేశం మొత్తం మీద ఉన్న సంఘానికైతే ఎక్కడో బోస్టన్ లో ఉన్న గురువుని ఇంకెక్కడో ఉన్న శిష్యుడికి కలపడం వీలవుతుంది. గురువులు తక్కువైనచోట ఇదే తెలివైన పద్ధతి అని నా అభిప్రాయం.

గురువు అంటే ఏం చేస్తారు? ఉత్తరం రాసిచ్చేవాళ్ళు గురువు కాదండి. మీ గ్రాంట్ మొదటి పేజీని ఏడుసార్లు ఎర్ర ఇంకుతో కొట్టేసి తిరిగి పంపేవాళ్ళు గురువు. తమ డేటా మీకు ఇచ్చి "దీన్నుంచి నీ మొదటి పేపర్ రాయి" అనేవాళ్ళు. కె దరఖాస్తుకి మార్కులు వేసేటప్పుడు అభ్యర్థి, శిక్షణ ప్లాను, రీసెర్చ్ ప్లాను, పనిచేసే చోటుతో పాటు మెంటర్లని కూడా విడిగా లెక్కేస్తారు. కాబట్టి ఒక్కరిని కాదు, ముగ్గురిని వెతకండి. వ్యసనం తెలిసినవాళ్ళు ఒకరు, పిల్లల ఎదుగుదల తెలిసినవాళ్ళు ఒకరు, స్టాటిస్టిక్స్ తెలిసినవాళ్ళు ఒకరు. పేరు పెద్దదా చిన్నదా అని కాకుండా, వాళ్ళ పాత శిష్యులు ఇప్పుడు ఎక్కడున్నారో చూడండి. శిష్యులందరూ ప్రైవేట్ ప్రాక్టీసులో ఉంటే ఆ గురువుకి తీరిక లేదని అర్థం. తీరిక కూడా డబ్బుతోనే వస్తుంది లెండి. మధ్య వయసు పరిశోధకులకి ఇతరులకి నేర్పడానికి సమయం కొనిచ్చే కె-24 అనే అవార్డు అందుకే ఉంది.

చదువు అప్పు తీర్చడానికి ఎన్ఐహెచ్ దే ఇంకో పథకం ఉంది. వారానికి కనీసం 20 గంటలు రీసెర్చ్ చేస్తే ఏడాదికి 50,000 డాలర్ల దాకా అప్పు కడతారు. కానీ అది అక్కడి విద్యా రుణాలకి. ఎంబీబీఎస్ సీటు కోసం మీ నాన్నగారు ఊళ్ళో పొలం తాకట్టు పెట్టిన అప్పు ఇందులోకి రాదు!

సరే, ఇప్పుడు ఆ అమ్మాయికి ఎవరూ చెప్పని అసలు కష్టం. కె-23, కె-08, కె-12, ఆ అప్పు తీర్చే పథకం, ఇవన్నీ అమెరికా పౌరులకి, గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళకి మాత్రమే. మన వాళ్ళు చాలామంది జె-1 వీసా మీద రెసిడెన్సీ చేస్తారు. అది అయ్యాక రెండేళ్ళు స్వదేశం వెళ్ళి ఉండాలి, లేదా మినహాయింపు తెచ్చుకోవాలి. ఎక్కువమంది తీసుకునే మినహాయింపు దారిలో డాక్టర్లు తక్కువున్న ప్రాంతంలో మూడేళ్ళు ఫుల్ టైం వైద్యం చేయాలి. ఫుల్ టైం అంటే వారానికి 40 గంటలు. మరి 75 శాతం రీసెర్చ్ ఎక్కడ పెడతారు? ఆ తర్వాత మనదేశంలో పుట్టినవాళ్ళకి గ్రీన్ కార్డు క్యూ ఎంతుందో నేను చెప్పక్కర్లేదు. రీసెర్చ్ నేర్చుకోవాల్సిన సంవత్సరాలు సరిగ్గా అవే. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదేనండి.

అలాగని తలుపులన్నీ మూసుకుపోలేదు. కె-99 అనే అవార్డుకి పౌరసత్వం అడగరు. పెద్ద గ్రాంట్ అయిన ఆర్-01 కీ అడగరు. బ్రెయిన్ అండ్ బిహేవియర్ రీసెర్చ్ ఫౌండేషన్ ఇచ్చే యువ పరిశోధకుల గ్రాంట్ ఏ దేశంవాళ్ళకైనా వస్తుంది. ఇంకో దారి, వేరే వాళ్ళ పెద్ద స్టడీలో చేరిపోవడం. 2015లో మొదలైన ఏబీసీడీ స్టడీ 9, 10 ఏళ్ళ పిల్లలు దాదాపు 11,900 మందిని తీసుకుని ఏళ్ళ తరబడి వాళ్ళ మెదడు ఎదుగుదల, డ్రగ్స్ వాడకం చూస్తోంది. ఆ డేటా కోసం మీరు కొత్తగా ఒక్క పేషెంటుని కూడా చేర్చుకోనక్కర్లేదు. అనుమతి తీసుకుంటే చాలు, క్లినిక్ అయ్యాక ఇంట్లో కూర్చుని పని చేసుకోవచ్చు. మూడేళ్ళ మినహాయింపు కాలంలో మూడు పేపర్లు రాసుకున్నా, గ్రీన్ కార్డు వచ్చేనాటికి చేతిలో ఏదో ఒకటి ఉంటుంది.

తిరిగి వద్దాం అనుకునేవాళ్ళకి ఇక్కడా పని ఉంది. 2019లో కేంద్ర ప్రభుత్వం, ఎయిమ్స్ కలిసి ఇచ్చిన సర్వేలో పెద్దవాళ్ళకంటే పిల్లల్లో ఎక్కువగా కనపడినది ఒక్కటే, వైట్నర్, జిగురు లాంటివి పీల్చడం. 10 నుంచి 17 ఏళ్ళ వాళ్ళలో 1.17 శాతం, పెద్దవాళ్ళలో 0.58 శాతం. బెంగళూరు నిమ్హాన్స్ ముందుండి నడిపిన సీవేదా అనే పెద్ద స్టడీ ఎదిగే పిల్లల్లో వ్యసనానికి దారితీసే కారణాలు వెతికింది. దాని కేంద్రాల్లో ఒకటి మన మదనపల్లె దగ్గర రిషి వ్యాలీ. పిల్లల సైకియాట్రీలో, అడిక్షన్ సైకియాట్రీలో డీఎం కోర్సులు రెండూ నిమ్హాన్స్ లో ఉన్నాయి. కాకపోతే రెండూ వేర్వేరు డీఎంలు, ఒకటి తీసుకుంటే రెండోది మీరే నేర్చుకోవాలి. ఆ గోడ ఇక్కడా ఉందన్నమాట.

కాబట్టి అమ్మా, నువ్వు ఈ వారం చేయాల్సింది చిన్న పని. నీకు నచ్చిన మూడు పేపర్లు తీసుకో. చివర్లో ఉన్న పేరు చూడు, సాధారణంగా సీనియర్ పేరు అక్కడే ఉంటుంది. ఆ ముగ్గురికీ ఐదు వాక్యాల మెయిల్ పెట్టు. "నాకు రీసెర్చ్ అంటే ఇష్టం" అని రాయకు, అందరూ అదే రాస్తారు. "మీ పేపర్లో ఫలానా టేబుల్ చూశాను, అమ్మాయిల్లో అది వేరేగా ఉందా అని నాకు అనుమానం, చూడొచ్చా?" అని రాయి. వీసా ఏంటో కూడా మొదటి మాటల్లోనే చెప్పేయి, దాచితే తర్వాత ఇద్దరికీ ఇబ్బంది. నిబంధనలు మారుతుంటాయి కాబట్టి అప్లై చేసేముందు ఆ ఏడాది నోటీసు ఒకసారి చదువుకో. జవాబులు వచ్చాక నాకు మళ్ళీ రాయి, దాని మీద ఇంకో ఎపిసోడ్ చేద్దాం.