అన్నగారి అసలు మల్టీస్టారర్!

తెరమీద మన హీరోకి ఎవరి సాయమూ అక్కర్లేదు. వందమంది రౌడీలు చుట్టుముట్టినా ఒంటిచేత్తో మట్టి కరిపిస్తాడు. పక్కనుండే స్నేహితుడు నాలుగు జోకులేసి, క్లైమాక్సులో తూటాకి అడ్డంపడి చచ్చిపోతాడు. అంతకుమించి వాడికి పనేముంది? నేల క్లాసు నుంచి బాల్కనీ దాకా ఈల వేసేది ఒక్కడికే!

అలాంటి "ఒక్కడు" అనగానే తెలుగువాళ్ళకి గుర్తొచ్చేది ఎన్.టి. రామారావుగారు. కానీ ఆయన జీవితంలో అతి పెద్ద ఫైటుని చక్రాల కుర్చీలో కూర్చుని, నిన్నమొన్నటిదాకా పోటీదారులైన వాళ్ళ భుజాలమీద గెలిచారు. ఈ సంగతి నేటి కుర్రకారుకి అంతగా తెలిసినట్టు లేదు.

మొన్న గిలకలదిండిలో అదే మాట వచ్చింది. బందరు పక్కనే వున్న చేపల రేవు అది. ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు వేట నిషేధం కదా, బోట్లన్నీ కట్టేసి వున్నాయి. వలలు బాగుచేసుకుంటున్న కుర్రాళ్ళమధ్య హీరోల గొడవ మంచి రసపట్టులో వుంది.

"నువ్వు చెప్పు బాబాయ్! ఒంటిచేత్తో గవర్నమెంటు తెచ్చిన మొనగాడు అన్నగారొక్కడే కదా?" అన్నాడొకడు.

"ముందు నువ్వు చెప్పు. మీ బోటుని ఒంటిచేత్తో ఎవడైనా వేటకి తీసికెళ్తాడా?" అన్నాను.

నవ్వేశాడు. "భలేవాడివే! నడిపేవాడొకడు, వల దగ్గర అయిదారుగురు, డీజిలుకీ ఐసుకీ పెట్టుబడి పెట్టే ఓనరు మరొకడు. ఖర్చులు పోను మిగిలింది పాళ్ళు వేసుకుంటాం."

"పాళ్ళు సరిగ్గా వెయ్యకపోతే?"

"ఇంకో బోటెక్కుతాం!"

పెద్ద పెద్ద రాజకీయ పండితులు కూటముల గురించి రాసే వ్యాసాల్లో ఇంత సూటిగా చెప్పినవాళ్ళు తక్కువ.

మన జిల్లాకి ఈ విద్య కొత్తదేం కాదు. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాలు చూడని పల్లె ఒకప్పుడు వుండేదా? ఆ జంటలో చెళ్ళపిళ్ళవారు బందరు హిందూ హైస్కూల్లో పాఠాలు చెప్పినవారే. పడకసీను ప్రేక్షకులకి ప్రాణం. కౌరవుడు తలవైపు, అర్జునుడు కాళ్ళవైపు! మద్దతు కోసం ఇద్దరూ తెల్లారకుండానే వచ్చి కూర్చున్న సీను అది. సైన్యమంతా కౌరవుడికి, ఆయుధం పట్టని కృష్ణుడు అర్జునుడికి. పదకొండు అక్షౌహిణులు అటు, ఏడు ఇటు. నాకు మాత్రం అంతకంటే శల్యుడి కథ ఇష్టం. పాండవుల పక్షాన చేరాలని బయల్దేరిన మేనమామకి దారి పొడుగునా విడిదులు కట్టించి, విందులు పెట్టించి తనవైపు తిప్పుకున్నాడు దుర్యోధనుడు. ఫలితం? ఆ పెద్దమనిషే కర్ణుడి రథం తోలుతూ కర్ణుడి గుండె జారిపోయేలా మాట్లాడాడు!

చెళ్ళపిళ్ళవారి శిష్యుడు విశ్వనాథ. విజయవాడ కాలేజీలో విశ్వనాథ శిష్యుడు నిమ్మకూరు కుర్రాడు రామారావు. నాటకంలో ఆడవేషం వెయ్యమంటే మీసం తియ్యనన్నాడట. చివరికి మీసంతోనే వేసి "మీసాల నాగమ్మ" అనిపించుకున్నాడు. గురువుగారి మాటా నిలిచింది, శిష్యుడి మీసమూ నిలిచింది! దీన్ని తొలి రాజీ సూత్రం అనుకోవచ్చునేమో.

1977 సంగతి చూడండి. సంక్రాంతికి "దానవీరశూరకర్ణ"లో కృష్ణుడూ తానే, కర్ణుడూ తానే, దుర్యోధనుడూ తానే, డైరెక్టరూ తానే! అదే ఏడు తన సొంత చిత్రం "చాణక్య చంద్రగుప్త"లో చాణక్యుడి వేషం అక్కినేనికిచ్చి, ఆ చాణక్యుడి మాట వినే చంద్రగుప్తుడుగా తాను నిలబడ్డారు. అలెగ్జాండరుగా శివాజీ గణేశన్‌ని తెచ్చారు. నవంబర్ 19న దివిసీమని ఉప్పెన ముంచేసి పదివేల మందికి పైగా పోతే, రామారావూ నాగేశ్వరరావూ కలిసి జోలెపట్టి ఊళ్ళు తిరిగారు. ఇద్దరిదీ గుడివాడ ప్రాంతమే. బాక్సాఫీసు దగ్గర ఎవరి లెక్క వారిదైనా చందాల దగ్గర ఒకటే లెక్క.

1982 మార్చిలో పార్టీ పెట్టారు. తొమ్మిది నెలల్లో 294 సీట్లలో 200కి పైగా గెలిచారు. ఎవరైనా ఏమనుకుంటారు? "ఇక నాకెవరి అవసరం?" అనుకుంటారు. ఆయన అలా అనుకోలేదు. 1983 మేలో దేశంలోని ప్రతిపక్ష నాయకుల్ని విజయవాడకి పిలిచి సభ పెట్టారు. కర్ణాటక హెగ్డే, కాశ్మీరు ఫరూఖ్ అబ్దుల్లా వంటివారు వచ్చారు. ఫలహారాల సభ అని వెక్కిరించిన వాళ్ళు లేకపోలేదు.

ఏడాది తిరగ్గానే ఆ ఫలహారాల విలువ తెలిసింది. 1984 జూలైలో కాశ్మీరులో ఫరూఖ్ ప్రభుత్వాన్ని పడగొట్టారు. ఆగస్టు 16న ఇక్కడ! అమెరికాలో గుండె ఆపరేషన్ చేయించుకుని అప్పుడే తిరిగొచ్చిన రామారావుగారిని గవర్నర్ రామ్‌లాల్ తొలగించి, నాదెండ్ల భాస్కరరావుగారిచేత ప్రమాణం చేయించారు.

ఇక కథ మనవాళ్ళే రాసినట్టుంటుంది. ఎమ్మెల్యేల్ని కాపాడుకున్నదెక్కడ? నాచారంలోని రామకృష్ణా స్టూడియోలో! సెట్టింగుల మధ్య మంచాలు, గేటు దగ్గర కాపలా. తర్వాత వాళ్ళని కర్ణాటక చేర్చితే హెగ్డేగారి ప్రభుత్వం ఆశ్రయమిచ్చింది. 160 మందికి పైగా ఎమ్మెల్యేలతో, చక్రాల కుర్చీలో, రాష్ట్రపతి జైల్ సింగ్ ముందుకి వెళ్ళారు అన్నగారు. కమ్యూనిస్టులూ, బి.జె.పి. వాళ్ళూ, జనతావాళ్ళూ, ఒకరి గుమ్మం ఒకరు తొక్కనివాళ్ళు, ఒకే వేదిక ఎక్కారు. గవర్నర్ మారాడు. సెప్టెంబర్ 16న రామారావుగారు మళ్ళీ ముఖ్యమంత్రి. సరిగ్గా నెల! విజయవాడ సభలో కుర్చీలు వెయ్యకపోతే హెగ్డే తలుపు అంత త్వరగా తెరుచుకునేదా అని నా అనుమానం.

మల్టీస్టారర్‌లో అసలు తగువు టైటిల్సులో ఎవరి పేరు ముందని. 1988 సెప్టెంబరులో మద్రాసులో నేషనల్ ఫ్రంట్ మొదలైనప్పుడు ఆ చిక్కు ఎంత అందంగా విప్పారో! ఛైర్మన్ ఎన్.టి.ఆర్., కన్వీనర్ వి.పి. సింగ్. పెద్దరికం ఒకరిది, పరుగులు ఒకరివి. పక్కన ఒకప్పటి డైలాగుల రచయిత కరుణానిధి, అస్సాం కుర్రనాయకుడు మహంత.

1989లో చిత్రం జరిగింది. రాష్ట్రంలో తెలుగుదేశం ఓడింది. లోక్‌సభకి వచ్చినవి 2 సీట్లే. డి.ఎం.కె.కి అదీ లేదు. (ఏలూరులో గెలిచిందెవరో తెలుసా? 1973 "దేవుడు చేసిన మనుషులు"లో అన్నగారి పక్కన నటించిన హీరో కృష్ణ, కాంగ్రెసు టిక్కెట్టుమీద!) అయినా ఢిల్లీలో ఫ్రంటు గెలిచి వి.పి. సింగ్ ప్రధాని అయ్యారు. ఓడిన రెండు పార్టీలకీ మంత్రి పదవులు దక్కాయి. తెలుగుదేశం ఉపేంద్రగారికి సమాచార, ప్రసార శాఖ, డి.ఎం.కె. మురసోలి మారన్‌కి మరో శాఖ. తన వలలో చేప పడని రోజు కూడా పాలు అందడమంటే ఇదే! ఆ సర్కారు పదకొండు నెలలే ఆడింది. బయటినుంచి మద్దతిచ్చిన బి.జె.పి. తప్పుకుంది, జనతాదళ్ చీలింది.

1994లో అన్నగారు మళ్ళీ ఘనవిజయం సాధించారు. వామపక్షాలతో పొత్తు సజావుగానే సాగింది. ఈసారి చీలింది ఇంటి బోటు. 1995 ఆగస్టులో ఎమ్మెల్యేలు మళ్ళీ ఒకచోట చేరారు. ఈమారు నాచారం స్టూడియోలో కాదు, హైదరాబాదు వైస్రాయ్ హోటల్లో, అల్లుడు చంద్రబాబునాయుడుగారి వెంట. ఆ వివాదంలో ఎవరి వాదం వారికుంది, ఇప్పటికీ తెగలేదు. బయట పార్టీలన్నిటికీ లెక్కగా పాళ్ళు పంచిన మనిషి లోపలి వాళ్ళ లెక్క చూడలేదంటారు కొందరు. కాదు, శల్యుడికి విడిదులు కట్టించారంటారు మరికొందరు.

అన్నగారు చైతన్యరథం మీద ఆ హోటలు ముందుకి వెళ్ళారు. 1984లో ఆ రథం చుట్టూ ఎన్ని జెండాలో! ఇప్పుడు లోపలున్న ఎమ్మెల్యేలు ఆయనవెంట బయటికి రాలేదు. సెప్టెంబర్ 1న కొత్త ముఖ్యమంత్రి ప్రమాణం చేశారు.