సుల్తాన్‌షాహీ టంకశాల నుంచి బ్లాక్‌చెయిన్ల దాకా: టోకెన్ల బదిలీలో ఐ.బి.సి. రెండవ సంస్కరణ

వ్యాససంగ్రహం

ఒక బ్లాక్‌చెయిన్‌కు చెందిన టోకెన్ మరొక బ్లాక్‌చెయిన్‌లో ఎలా చెల్లుబాటు అవుతుందన్నది ఈ వ్యాసంలోని ప్రధాన ప్రశ్న. హైదరాబాదు సంస్థానంలోని రెండు నాణేల వ్యవస్థనూ, హుండీ వాడుకనూ ఆధారంగా చేసుకొని ఆ ప్రక్రియనూ, 2025లో వినియోగంలోకి వచ్చిన ఐ.బి.సి. రెండవ సంస్కరణ తెచ్చిన మార్పులనూ వివరించడం వ్యాసోద్దేశ్యం.

కీలకపదాలు: హాలీ సిక్కా, హుండీ, బ్లాక్‌చెయిన్, టోకెన్, ఐ.బి.సి., రుజువు.

1. ఉపోద్ఘాతం

హైదరాబాదు పాతనగరంలో మొగల్‌పురా ప్రాంతపు సుల్తాన్‌షాహీ ఒకప్పుడు ఆసఫ్‌జాహీ ప్రభుత్వ టంకశాలకు నెలవు. 1903లో ఆ టంకశాల సైఫాబాదుకు తరలింది. సంస్థానపు రూపాయిని హాలీ సిక్కా అనీ, బ్రిటిష్ ఇండియా రూపాయిని కల్దారు అనీ ప్రజలు వ్యవహరించేవారు. ఏడు హాలీ రూపాయలు ఆరు కల్దారు రూపాయలకు సమానమన్నది స్థిరపడిన మారకం. 1950లో భారత రూపాయి ప్రవేశించిన తరువాత కూడా 1959 వరకు రెండు నాణేలూ పక్కపక్కనే చెలామణి అయ్యాయి.

ఇక్కడ రెండు పనులను వేరుచేసి చూడాలి. ఒక నాణెం ఇచ్చి మరొక నాణెం పుచ్చుకోవడం మారకం. అది సరాఫు పని. ఒకచోట అప్పగించిన సొమ్ముపై హక్కును మరొకచోట పొందడం బదిలీ. అది హుండీ పని. బ్లాక్‌చెయిన్ల మధ్య టోకెన్లు పంపడం రెండవ కోవకు చెందుతుంది.

2. కదిలేది సొమ్ము కాదు, హక్కు

హైదరాబాదు సాహుకారు వద్ద వర్తకుడు సొమ్ము కట్టి, బొంబాయిలోని అతని కోఠీపై హుండీ రాయించుకొనేవాడు. చూపిన వెంటనే చెల్లించవలసినది దర్శనీ హుండీ. గడువు తీరాక చెల్లించవలసినది ముద్దతీ హుండీ. వెండి ఊరు దాటేది కాదు, కాగితం దాటేది. ఆ కాగితం పోతే దానికి బదులుగా పేఠ్ అనే ప్రతి ఇచ్చేవారు. చెల్లింపు పూర్తయి రద్దయిన హుండీని ఖోఖా అనేవారు. ఒకే సొమ్ము రెండుసార్లు చెల్లించకుండా కాపాడుకోవడమే ఈ ఏర్పాట్ల పరమార్థం.

బ్లాక్‌చెయిన్ అంటే అనేక కంప్యూటర్లు ఏకాభిప్రాయంతో నిర్వహించే ఖాతాపుస్తకం. ‘క’ అనే చెయిన్‌లోని టోకెన్ ఆ పుస్తకంలో ఒక పద్దు మాత్రమే. దానికి ఆవల ఉనికి లేదు. అందువల్ల దానిని ‘గ’ అనే చెయిన్‌కు పంపడమంటే, ‘క’లో ఆ పద్దును బంధించి, ‘గ’లో దానికి సరితూగే హక్కుపత్రాన్ని పుట్టించడం. ‘క’లో వంద టోకెన్లు బంధిస్తే ‘గ’లో వందే పుట్టాలి. ఆ పత్రాలు తిరిగి వచ్చినప్పుడు ‘గ’లో వాటిని రద్దుచేసిన తరువాతనే ‘క’లో అసలు టోకెన్లు విడుదల కావాలి.

3. నమ్మకం ఎవరిపై?

‘క’లో సొమ్ము బంధించారన్న సంగతి ‘గ’కు ఎవరు చెప్పాలి? అనేక వంతెనలు ఈ పనిని కొందరు సంతకందారులకు అప్పగించాయి. 2022 ఫిబ్రవరిలో వర్మ్‌హోల్ వంతెనలో సంతకాల పరిశీలనలోని లోపాన్ని వాడుకొని, అసలు సొమ్ము కట్టకుండానే సోలానాపై 1,20,000 ఈథర్ హక్కుపత్రాలను సృష్టించారు. ఆ విలువ 30 కోట్ల డాలర్లకు పైమాటే. మరుసటి నెలలోనే రోనిన్ వంతెనలో తొమ్మిది సంతకపు తాళాలలో ఐదు దుండగుల చేజిక్కాయి. 60 కోట్ల డాలర్లకు పైగా సొమ్ము పోయింది. మొదటిది పరిశీలనలో లోపం, రెండవది కాపలాలో లోపం. 

4. ఐ.బి.సి. పనితీరు

కాస్మోస్ సముదాయంలో 2021లో అమలైన ఇంటర్ బ్లాక్‌చెయిన్ కమ్యూనికేషన్ ప్రోటోకాల్ ఈ మధ్యవర్తి సంతకాలకు బదులు రుజువును కోరుతుంది. ప్రతి చెయిన్ తనలో ఎదుటి చెయిన్ తాలూకు లైట్ క్లయింటును నిలుపుకొంటుంది. అది ఎదుటి ఖాతాపుస్తకాన్నంతా మోయదు. బ్లాకుల శీర్షికలను మాత్రమే సరిచూస్తుంది. ‘ఈ సొమ్ము బంధించబడింది’ అన్న సందేశం వచ్చినప్పుడు, ఆ పద్దు నిజంగా ఎదుటి పుస్తకంలో ఉందో లేదో శీర్షికలోని సంకేతంతో పోల్చి చూస్తుంది.

సందేశాన్ని మోసుకొచ్చేవాడు రిలేయరు. అతడు తపాలా మనిషివంటివాడు: ఆలస్యం చేయగలడు గాని అబద్ధం చెప్పి నెగ్గలేడు. ప్రతి సందేశానికి వరుస సంఖ్య ఉంటుంది. అందుకొన్న చెయిన్ రసీదు నమోదు చేస్తుంది. అదే సందేశం మళ్ళీ వస్తే చెల్లదు. గడువు దాటిన సందేశాన్ని అందుకొనే చెయిన్ తిరస్కరిస్తుంది. అప్పుడు ‘అందలేదు’ అన్న రుజువు చూపితే పంపినవారి సొమ్ము వెనక్కి వస్తుంది. కనుక చెల్లింపు, వాపసు రెండూ ఒకే సందేశానికి జరగవు. ఖోఖా చేసిన మేలే ఇక్కడ రసీదు చేస్తుంది.

హక్కుపత్రపు పేరులో అది వచ్చిన దారి కూడా ఇమిడి ఉంటుంది. ఒకే టోకెన్ రెండు వేర్వేరు దారుల్లో వస్తే అవి రెండు వేర్వేరు పత్రాలు. ఇద్దరు సాహుకార్ల హుండీలలో మొత్తం ఒకటే అయినా పరపతి ఒకటి కానట్టే ఇదీ.

5. రెండవ సంస్కరణ

మొదటి సంస్కరణలో రెండు చెయిన్లు సందేశాలు పంపుకోవడానికి ముందు అనుసంధానానికి నాలుగు దశలు, ఆపై ఛానల్‌కు మరో నాలుగు దశలు నడపవలసి వచ్చేది. రెండవ సంస్కరణ ఈ రెంటినీ తొలగించింది. ఇరువైపులా లైట్ క్లయింట్లను నెలకొల్పి, ఏ క్లయింటుకు ఏది జతయో నమోదు చేస్తే చాలు. గడువును బ్లాకు సంఖ్యతో కాక కాలంతో మాత్రమే కొలుస్తారు. ఒకే సందేశంలో పలు అంశాలను చేర్చే వీలును నిర్దేశం కల్పించింది.

ఈ సరళీకరణకు కారణం ఈథీరియం. కాస్మోస్ చెయిన్ల సంతకాలను అక్కడ ఒక్కొక్కటిగా సరిచూడటం ఖర్చుతో కూడిన పని. అందువల్ల ఆ పరిశీలనను బయట నిర్వహించి, అది సరిగా జరిగిందన్న క్లుప్తమైన గణిత రుజువును మాత్రమే ఈథీరియం ముందుంచుతారు. ఐ.బి.సి. యురేకా పేరుతో 2025లో ఈ అనుసంధానం ఆరంభమైంది.

6. పరిమితులు

రుజువు ఉన్నంత మాత్రాన ప్రమాదం తొలగిపోదు. మూలచెయిన్ నిర్వాహకులలో మూడింట రెండు వంతులకు మించి కుమ్మక్కైతే లైట్ క్లయింటు కూడా మోసపోతుంది. ప్రోగ్రాములో దోషం ఉన్నా అంతే. అయితే ‘గ’ చెయిన్ దారితప్పితే ‘క’లో ఆ దారికి బంధించిన సొమ్ముకే ముప్పు, ఇతర దారుల సొమ్ము భద్రం. ఒక కోఠీ దివాలా తీస్తే ఆ కోఠీ హుండీలే చెల్లకపోవడం వంటిది ఇది.

7. ముగింపు

హుండీ వ్యవస్థ సాహుకారు మాటపై నిలిచింది; ఐ.బి.సి. ఆ మాట స్థానంలో సరిచూడదగిన రుజువును నిలిపింది. రెండవ సంస్కరణ ఆ రుజువును మార్చలేదు, దానిని చేరే మెట్లను తగ్గించింది. కాబట్టి ఏ బదిలీ వ్యవస్థనైనా పరిశోధకులు మూడు ప్రశ్నలతో పరీక్షించవచ్చు: అసలు సొమ్ము ఎక్కడ బంధించి ఉంది? అది బంధించి ఉందని ఎవరు, దేనిని చూసి నిర్ధారిస్తున్నారు? సందేశం చేరకపోతే సొమ్ము ఎవరికి, ఎలా తిరిగి వస్తుంది? వీటికి స్పష్టమైన సమాధానం లేని చోట హక్కుపత్రం వట్టి కాగితంతో సమానం.