కారు ఏసీ కంప్రెసర్‌లో ఆయిల్ ఎంత పోయాలి?

పోతిరెడ్డిపల్లి చౌరస్తా నుంచి ఇటు పటాన్‌చెరు, అటు సదాశివపేట, జహీరాబాద్ వైపు సాగే 65వ నంబరు జాతీయ రహదారి మీద రోజంతా కార్లు, కంపెనీ క్యాబ్‌లు తిరుగుతూనే ఉంటాయి. ఎండలు ముదిరితే ఏసీ పని చేసే షెడ్లకు తీరిక ఉండదు. మన పిల్లలు కొందరు చదువు మధ్యలో ఆపి, ఇలాంటి షెడ్లలో ఉస్తాద్‌ల దగ్గర పని నేర్చుకుంటున్నారు. రేపు సొంత షెడ్డు పెట్టుకోవడానికి దాతలైన మీ ముందుకు వచ్చేదీ వాళ్లే. అందుకని ఆ పనిలో చిన్నదిగా కనిపించే ఒక పెద్ద విషయాన్ని ఇక్కడ వివరిస్తున్నాము. ఆయిల్ కొలత తప్పితే క్యాబ్ డ్రైవరుకు వేల రూపాయల కంప్రెసర్ పోతుంది. బాగుచేసిన కుర్రాడికి పేరు పోతుంది.

ఇంజన్ ఆయిల్ ఇంజన్‌లోనే ఉంటుంది. ఏసీ ఆయిల్ అలా ఒకచోట ఉండదు. గ్యాస్‌తో కలిసి కంప్రెసర్, కండెన్సర్, డ్రయర్, కూలింగ్ కాయిల్, పైపులు అన్నీ తిరిగి మళ్లీ కంప్రెసర్‌కు చేరుతుంది. చాలా చిన్న కార్లలో మొత్తం కలిపి 100 నుంచి 150 మిల్లీలీటర్లే, అంటే దాదాపు ఒక చాయ్ గ్లాసుడు. ఇంత కొద్దిపాటి ఆయిల్‌లో 50 మిల్లీలీటర్ల తేడా వచ్చినా అది చిన్న తేడా కాదు.

ఆయిల్ తక్కువైతే కంప్రెసర్ లోపలి భాగాలు ఒరుసుకుంటాయి. మొదట శబ్దం వస్తుంది, తర్వాత వేడెక్కి పట్టేస్తుంది. అరిగిన లోహపు పొడి కండెన్సర్‌లోకి చేరి ఖర్చు రెండింతలు చేస్తుంది. ఎక్కువైనా మేలు లేదు. మిగులు ఆయిల్ కాయిల్ లోపలి గోడలకు పొరలా పట్టి వేడి మార్పిడిని అడ్డుకుంటుంది. గ్యాస్ సరిగానే ఉన్నా చల్లదనం తగ్గుతుంది, ప్రెషర్ పెరుగుతుంది. అప్పుడు గ్యాస్ తక్కువైందనుకుని మళ్లీ నింపితే ఇబ్బంది ఇంకా ముదురుతుంది.

ఇప్పుడు ఐదో తరగతి లెక్క ఒకటి చూద్దాం. ఒక కారు ఏసీకి మొత్తం 120 మిల్లీలీటర్లు కావాలి. పాత కంప్రెసర్ విప్పి ఆయిల్ వంచితే 40 వచ్చింది. లీకు లేకపోతే మిగతా 80 పైపుల్లో, కాయిళ్లలో ఉన్నట్టే. కొత్త కంప్రెసర్ చాలాసార్లు పూర్తి 120తో నింపి వస్తుంది. దాన్ని అలాగే బిగిస్తే మొత్తం 200 అవుతుంది. కాబట్టి కొత్తదాన్ని కూడా పూర్తిగా వంచి, పాతదాంట్లోంచి వచ్చిన 40 మాత్రమే కొలిచి పోయాలి. లోపల అంటుకుపోయే చుక్కల కోసం కొన్ని కంపెనీలు మరికొంచెం కలపమంటాయి. ఆ బండి మాన్యువల్ ఎంత చెబితే అంత.

వంచేటప్పుడు రెండు పైపు రంధ్రాల నుంచీ వంచాలి. షాఫ్ట్‌ను చేత్తో తిప్పుతూ ఉంటే లోపల దాగినది కూడా బయటికి వస్తుంది. దాన్ని గీతలున్న కొలగ్లాసులో పట్టాలి. కండెన్సర్ మారిస్తే సుమారు 20 నుంచి 40, కూలింగ్ కాయిల్‌కు 30 నుంచి 60, డ్రయర్‌కు 10 నుంచి 20 మిల్లీలీటర్లు అదనంగా పోస్తారు. ఇవీ బండిని బట్టి మారతాయి. వచ్చిన ఆయిల్ మరీ తక్కువైతే లీకు ఎక్కడుందో ముందు వెతకాలి. నల్లగా, లోహపు పొడితో వస్తే లెక్క మారుతుంది. పైపులు కడిగి, డ్రయర్ మార్చాలి. సన్న గొట్టాల కండెన్సర్ కడిగినా శుభ్రం కాదు కనుక దాన్నీ మార్చాలి. అలా అంతా ఖాళీ అయ్యాక మాత్రమే పూర్తి కొలత పోయాలి. బిగించాక స్విచ్ వేసే ముందు షాఫ్ట్‌ను చేత్తో పదిసార్లు తిప్పడం మంచిది. ఆయిల్ ఒకేచోట నిలిచి ఉంటే మొదటి తిప్పులోనే కంప్రెసర్ దెబ్బతినే ప్రమాదం ఉంది.

కొలతతో పాటు రకం కూడా ముఖ్యమే. పాత కార్లలో ఆర్‌-12 గ్యాస్, దానికి మినరల్ ఆయిల్ వాడేవారు. ఓజోన్ పొరకు చేటని 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం ప్రకారం ఆ గ్యాస్‌ను దశలవారీగా తొలగించారు. తర్వాత వచ్చిన ఆర్‌-134ఏ గ్యాస్ మినరల్ ఆయిల్‌తో కలవదు. దానికి పీఏజీ ఆయిల్ కావాలి. అందులోనూ 46, 100, 150 అని చిక్కదనాన్ని బట్టి రకాలున్నాయి. కరెంటుతో తిరిగే కంప్రెసర్ ఉన్న హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్లకు సాధారణంగా పీఓఈ రకం వాడతారు. అక్కడ పీఏజీ కొంచెం కలిసినా కరెంటు లీకై షాక్ కొట్టే ప్రమాదం ఉంటుంది. పీఏజీ గాలిలోని తేమను త్వరగా పీల్చుకుంటుంది. వానాకాలంలో మూత తీసి వదిలేసిన సీసా ఆయిల్ వాడకూడదు.

కొలతలో న్యాయం ఉండాలని మన పెద్దలు దుకాణదారులకు చెప్పేవారు. షెడ్డుకూ ఆ మాట వర్తిస్తుంది. పనిముట్ల కిట్ ఇచ్చే దాతలకు మా మనవి ఒకటే. స్పానర్లు, గేజీలతో పాటు 100 మిల్లీలీటర్ల కొలగ్లాసు, ఒక సిరంజి, గ్యాస్ తూచే కాటా కూడా అందులో చేర్చండి. కొలగ్లాసుకూ సిరంజికీ అయ్యే ఖర్చు ఒక కంప్రెసర్ ధరలో లెక్కలోకే రాదు. మీ సొంత బండి పనికి ఇచ్చినప్పుడు మూడు ప్రశ్నలు అడగండి: ఎంత ఆయిల్ వచ్చింది, ఎంత పోశావు, ఏ రకం పోశావు? ఆ మూడూ బిల్లు మీద రాయించుకోండి. రాయాల్సి వస్తుందని తెలిసిన కుర్రాడు కొలవడం అలవాటు చేసుకుంటాడు.