అణువులతో అయస్కాంతములు – పీటర్ డే పరిశోధనలు

విద్యుత్తు అనగానే మనకు రాగి తీగ, అయస్కాంతమనగానే ఇనుప ముక్క స్ఫురించును. ఈ గుణములు లోహములకే చెందినవనియు, చక్కెర, కర్పూరము వంటి కర్బన సమ్మేళనములు విద్యుద్బంధకములనియు మనము చిన్న తరగతులలో చదువుకొన్నాము. కాని అణువులను తగు రీతిని పేర్చగలిగినచో, వాటి స్ఫటికములకు ఈ రెండు గుణములను కల్పించవచ్చునని ఇటీవలి రసాయన శాస్త్రము నిరూపించినది. ఈ రంగమున ఆంగ్ల రసాయన శాస్త్రవేత్త పీటర్ డే (1938–2020) చేసిన కృషి ప్రముఖమైనది.

ఆ కృషిని గ్రహించుటకు ఒక పాత రంగుతో మొదలిడుదము. ఫెర్రిక్ క్లోరైడ్ ద్రావణమునకు పొటాషియం ఫెర్రోసైనైడ్ చేర్చినచో ముదురు నీలి అవక్షేపము ఏర్పడును. అదే పద్దెనిమిదవ శతాబ్ది తొలి సంవత్సరములలో బెర్లిన్ నగరమున కనుగొనబడిన ప్రష్యన్ నీలి. ఇండ్ల ప్లానులకు ‘బ్లూ ప్రింట్’ అను పేరు వచ్చినది కూడ దీనివలననే. మనము కలిపిన రెండు ద్రావణములును పసుపు ఛాయ గలవే. మరి ఇంతటి నీలము ఎక్కడిది?

ఈ పదార్థమున ఇనుము రెండు సంయోజకతలతో, అనగా రెండుగను మూడుగను ఉన్నది. సైనైడ్ సమూహములు వాటి నడుమ వంతెనలు. కాంతి సోకినప్పుడు ఒక ఎలక్ట్రాన్ మొదటి రకపు ఇనుము నుండి రెండవ దానికి దుముకును. అందుకై అది కాంతిలోని ఎరుపు భాగమును గ్రహించును గనుక మన కంటికి నీలము మిగులును.

ఇట్టి మిశ్రమ సంయోజకతా సమ్మేళనములను మెల్విన్ రాబిన్‌తో కలిసి డే 1967లో మూడు తరగతులుగా విభజించినారు. ఇరుగుపొరుగు ఇండ్ల పోలికతో దీనిని చెప్పుకొనవచ్చును. మొదటి తరగతిలో నడిమి తలుపు ఎప్పుడును మూసియే యుండును. రెండవ దానిలో తట్టినచో తెరచుకొనును. ప్రష్యన్ నీలి ఈ కోవకు చెందినది. మూడవ దానిలో అసలు గోడయే లేదు, ఎలక్ట్రాన్ ఉభయులకు ఉమ్మడి. స్ఫటికమంతటను ఇట్లున్నచో ఆ పదార్థము లోహము వలె విద్యుత్తును ప్రసరింపజేయును. రంగుకును విద్యుద్వాహకతకును గల చుట్టరికము ఈ విభజన వలన స్పష్టమైనది. ప్రష్యన్ నీలిని సుమారు 5.6 కెల్విన్‌ల వరకు చల్లబరచినచో అది అయస్కాంతము కూడ అగును. నీరు గడ్డకట్టునది 273 కెల్విన్‌ల వద్ద అని గుర్తుంచుకొన్నచో, అది ఎంతటి చలియో మనకు తెలియును.

ఇంతకంటె కఠినమైన సమస్య మరొకటి కలదు. కొన్ని పదార్థములు మిక్కిలి చల్లబడినప్పుడు విద్యున్నిరోధమును పూర్తిగా కోల్పోవును. ఈ అతివాహకతను 1911లో కామర్లింగ్ ఆన్నెస్ పాదరసమున కనుగొన్నారు. దీనికి మూలము పరస్పర వ్యతిరేక భ్రమణములు గల ఎలక్ట్రాన్ల జంటలు. అయస్కాంత శక్తి ఆ రెండింటిని ఒకే దిక్కునకు త్రిప్పజూచి జంటను విడదీయును. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు గదా!

డే బృందము కత్తులకు వేరువేరు ఒరలు అమర్చినది. 1995లో మొహమెదల్లీ కుర్మూ మున్నగు సహచరులతో కలిసి వారు పొరలు పొరలుగా నున్న ఒక స్ఫటికమును ప్రకటించినారు. అందు ఒక పొర గంధకము, కర్బనము గల బల్లపరుపు అణువులది. విద్యుత్తు దాని వెంట సాగును. మరొక పొరలో ఆక్సలేటులతో బంధింపబడిన ఇనుప అయానులు అయస్కాంత గుణముతో నుండును. ద్రావణములోనికి అతి స్వల్ప విద్యుత్తును దినముల తరబడి పంపి ఇట్టి స్ఫటికములను పెంచుదురు. ఇది సుమారు 8 కెల్విన్‌ల వద్ద అతివాహకమైనది. అయితే ఇందలి ఇనుప అయానులు ఒక్క త్రాటిపై నడువలేదు. కావున దీనిని పూర్తి అయస్కాంతమనరాదు. ఆ లోటు 2000లో కొంత తీరినది. స్పెయిన్ దేశపు వాలెన్సియాలో యుజేనియో కొరొనాడో బృందము మాంగనీసు, క్రోమియముల పొరలతో, 5.5 కెల్విన్‌లకు దిగువన అయస్కాంతమై యుండి లోహము వలె విద్యుత్తును ప్రసరింపజేయు అణు స్ఫటికమును తయారు చేసినది.

ఇంతటి శీతలమున పనిచేయునవి మన నిత్య జీవితమునకు ఇంకను దూరమే. గది ఉష్ణోగ్రతలో నిలుచు అణు అయస్కాంతమును 1991లో అమెరికాలో జోయెల్ మిల్లర్ బృందము సాధించినను, అది గాలి తగిలిన చెడిపోవునది.

డే అలంకరించిన రాయల్ ఇన్‌స్టిట్యూషన్ ఆచార్య పీఠమును మొట్టమొదట అధిష్ఠించినవాడు మైకేల్ ఫారడే. ఆయన రసాయనమును, విద్యుత్తును, అయస్కాంతత్వమును ఒకే చేతితో పరిశోధించినాడు. మన పాఠ్య పుస్తకములలో ఇవి వేరువేరు సంపుటములు. ఒక పదార్థములో ఏయే మూలకములున్నవని అడుగుటతో ఆగక, అవి ఎట్లు పేర్చబడినవని కూడ మనము అడుగ నేర్చినచో, ఆ సంపుటముల నడిమి గోడ కూడ తొలగిపోవును.