పెట్టుబడి సాయం: అపోహలు – వాస్తవాలు

విడత డబ్బులు విడుదలైన రోజు ఊరూరా ఒకటే ప్రశ్న: "నీకు పడ్డాయా?" పక్క పొలం రైతు ఫోన్‌కు మెసేజ్ వచ్చి తనకు రాకపోతే ఎవరికైనా మనసు చివుక్కుమంటుంది. ఎందుకు రాలేదో చెప్పేవాళ్లు ఉండరు. అక్కడే పుకారు పుడుతుంది. పథకం ఎత్తేశారని ఒకరంటారు, ఐదెకరాలు దాటినవాళ్లకు కోసేశారని మరొకరంటారు.

ఈ గందరగోళానికి రైతుల తెలియనితనాన్ని తప్పుపట్టడం అన్యాయం. నిబంధనలు అన్నిసార్లు మారాయి. తెలంగాణలో 2018 మే 10న రైతుబంధు మొదలైనప్పుడు ఎకరాకు ఒక సీజన్‌కు ఇచ్చింది రూ.4 వేలు. మరుసటి ఏడాది అది రూ.5 వేలైంది. 2025 జనవరి 26 నుంచి రైతు భరోసా పేరుతో రూ.6 వేలకు పెరిగింది. కేంద్రం పీఎం కిసాన్‌ను 2019 ఫిబ్రవరి 24న ప్రారంభించింది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 ఎన్నికల ముందు అన్నదాత సుఖీభవ వచ్చింది, అదే ఏడాది అక్టోబరు 15న దాని స్థానంలో వైఎస్సార్ రైతు భరోసా వచ్చింది, 2025 ఆగస్టు 2న మళ్లీ అన్నదాత సుఖీభవ వచ్చింది. నిన్నటిదాకా ఆంధ్రలో వినిపించిన 'రైతు భరోసా' పేరు ఇప్పుడు తెలంగాణ పథకానిది. ఒక రాష్ట్రం వార్త యూట్యూబ్‌లో విని ఇంకో రాష్ట్రం రైతు కంగారుపడటంలో వింతేముంది?

ఇన్ని మార్పుల మధ్య మారనిది ఒకటుంది. ప్రభుత్వం డబ్బు వేసేది పొలంలో ఎవరున్నారో చూసి కాదు, రికార్డులో ఎవరున్నారో చూసి. సొమ్ము ఆగడానికి కారణమూ చాలాసార్లు ఆ రికార్డులోనే దొరుకుతుంది. ఈ సంగతి దృష్టిలో పెట్టుకుని ఒక్కో అపోహనూ పరిశీలిద్దాం.

అపోహ: ఐదెకరాలు దాటితే పీఎం కిసాన్ రాదు.

వాస్తవం: మొదట్లో ఆ పరిమితి ఉన్నమాట నిజం. రెండు హెక్టార్లు, అంటే సుమారు ఐదెకరాలలోపు భూమి ఉన్న సన్న, చిన్నకారు రైతులకే పథకం ప్రకటించారు. 2019 జూన్ 1 నుంచి ఆ పరిమితి తీసేశారు. భూమి ఎంతున్నా ఏడాదికి ఇచ్చేది రూ.6 వేలే. దాన్ని నాలుగు నెలలకోసారి రూ.2 వేల చొప్పున మూడు విడతలుగా వేస్తారు.

అనర్హత భూమి విస్తీర్ణాన్ని బట్టి కాకుండా రైతు హోదా, ఆదాయాన్ని బట్టి ఉంటుంది. క్రితం మదింపు సంవత్సరంలో ఆదాయపు పన్ను కట్టినవాళ్లు, ప్రభుత్వ ఉద్యోగులు, నెలకు రూ.10 వేలు లేదా అంతకుమించి పింఛను అందుకునే రిటైర్డ్ ఉద్యోగులు, ప్రాక్టీసులో ఉన్న డాక్టర్లు, లాయర్లు, ఇంజినీర్లు, చార్టర్డ్ అకౌంటెంట్లు, మంత్రులు, ఎంపీలు, ఎమ్మెల్యేలు వంటి ప్రస్తుత, మాజీ ప్రజాప్రతినిధులు అనర్హులు. నాలుగో తరగతి ఉద్యోగులకు మాత్రం మినహాయింపు ఉంది. అటెండరుగా పనిచేస్తూ రెండెకరాలు సాగుచేసుకునే వ్యక్తి ఈ పథకానికి అర్హుడే. బ్యాంకు లోను కోసమో మరెందుకో ఐటీ రిటర్ను వేసినంత మాత్రాన అనర్హత రాదు, నిబంధన చూసేది పన్ను కట్టారా లేదా అన్నదే.

అపోహ: భార్యాభర్తల పేర్న వేర్వేరు పాసుపుస్తకాలుంటే ఇద్దరికీ అన్ని పథకాలూ వస్తాయి.

వాస్తవం: ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. పథకాన్ని బట్టి లెక్క మారుతుంది. తెలంగాణ రైతు భరోసా ఎకరా లెక్కన నడుస్తుంది. ఎవరి పాసుపుస్తకంలోని భూమికి వాళ్లకు డబ్బు పడుతుంది కాబట్టి భార్యకూ భర్తకూ విడివిడిగా రావచ్చు. పీఎం కిసాన్ కుటుంబం లెక్కన నడుస్తుంది. భర్త, భార్య, మైనర్ పిల్లలు కలిపి ఒక కుటుంబం. ఎంతమంది పేర్న పట్టాలున్నా ఆ ఇంటికి రూ.6 వేలే. ఆంధ్రప్రదేశ్ అన్నదాత సుఖీభవ కూడా కుటుంబాన్నే లెక్కలోకి తీసుకుంటుంది.

2025లో కేంద్రం ఇలాంటి పేర్లను వడపోయడం మొదలుపెట్టింది. భార్యాభర్తలిద్దరూ అందుకుంటున్న కేసుల్లోనూ, 2019 ఫిబ్రవరి 1 తర్వాత భూమి కొన్నవారి కేసుల్లోనూ క్షేత్రస్థాయి తనిఖీ పూర్తయ్యేదాకా చెల్లింపు ఆపింది. ఆ తేదీ తర్వాత చేతులు మారిన భూమికి పీఎం కిసాన్ వర్తించదు. యజమాని చనిపోయి వారసులకు వచ్చిన భూమికి మాత్రం మినహాయింపు ఉంది. ఇన్నాళ్లూ వచ్చిన డబ్బు హఠాత్తుగా ఆగిన చాలా ఇళ్లలో కారణం ఈ రెండింటిలో ఒకటై ఉండొచ్చు.

అపోహ: ఒక విడత పడలేదంటే జాబితాలోంచి పేరు కొట్టేసినట్టే.

వాస్తవం: పీఎం కిసాన్‌లో డబ్బు ఖాతాకు చేరాలంటే మూడు పనులు పూర్తయి ఉండాలి. భూమి వివరాలు పథకానికి జతపడాలి. ఈ-కేవైసీ పూర్తికావాలి. బ్యాంకు ఖాతా ఆధార్‌తో అనుసంధానం కావాలి. వీటిలో ఏ ఒక్కటి తప్పినా డబ్బు ఆగుతుంది. లోపం సరిచేసుకున్న అర్హులకు ఆగిన విడతలు కూడా కలిపి ఇస్తామని కేంద్రం చెబుతోంది.

బ్యాంకు ఖాతా విషయంలో ఒక తిరకాసు ఉంది. దరఖాస్తులో రాసిన ఖాతా నంబరుకే డబ్బు వెళుతుందని అనుకుంటాం. నిజానికి అది వెళ్లేది మీ ఆధార్‌కు చివరగా అనుసంధానమైన ఖాతాకు. ఎప్పుడో ఇంకో పని కోసం మరో బ్యాంకులో ఖాతా తెరిచి ఆధార్ జతచేస్తే సొమ్ము అక్కడికే చేరుతుంది. పడలేదని ఆందోళన పడేముందు ఇంట్లో ఉన్న పాత పాసుబుక్కులన్నీ ఒకసారి ఎంట్రీ వేయించి చూడండి. వేలిముద్రలు అరిగిపోయిన పెద్దవాళ్లకు ఈ-కేవైసీ గండమైంది కాబట్టి 2023 నుంచి పీఎం కిసాన్ యాప్‌లో ముఖాన్ని చూపించి పూర్తిచేసే వీలు కల్పించారు.

ఇక భూమి వివరాలు. తండ్రి పోయి ఏళ్లు గడిచినా పాసుపుస్తకం ఆయన పేరునే ఉండిపోయిన ఇళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి. అన్నదమ్ములు ఎవరి చెక్క వాళ్లు దున్నుకుంటున్నా రికార్డులో చనిపోయిన మనిషే రైతు. ఆ భూమికి ఏ పథకమూ సవ్యంగా అందదు. వారసత్వ మ్యుటేషన్ చేయించుకోవడం ఒక్కటే దారి.

అపోహ: ఆంధ్రలో రాష్ట్రం ఇచ్చే రూ.20 వేలు, కేంద్రం ఇచ్చే రూ.6 వేలు కలిపి మొత్తం రూ.26 వేలు వస్తాయి.

వాస్తవం: రూ.20 వేలలోనే కేంద్రం ఇచ్చే రూ.6 వేలు కలిసి ఉన్నాయి. రాష్ట్రం వాటా రూ.14 వేలు. దాన్ని 5 వేలు, 5 వేలు, 4 వేలుగా మూడు విడతల్లో ఇవ్వాలన్నది పద్ధతి. 2025 ఆగస్టు 2న మొదటి విడతలో రూ.7 వేలు పడ్డాయంటే అందులో రాష్ట్రానివి 5 వేలు, పీఎం కిసాన్‌వి 2 వేలు. ఇంతకుముందు వైఎస్సార్ రైతు భరోసాలోనూ ఇదే లెక్క: మొత్తం రూ.13,500లో రాష్ట్రం వాటా 7,500. పీఎం కిసాన్ సొమ్ము ఏదైనా లోపంతో ఆగితే రైతుకు ఆ విడతలో రూ.7 వేల బదులు రూ.5 వేలే కనిపించవచ్చు. అప్పుడు ఏ వాటా ఆగిందో ముందు తెలుసుకుని, దానికి సంబంధించినవాళ్లనే అడగాలి.

అపోహ: తెలంగాణలో పాసుపుస్తకంలో ఎన్ని ఎకరాలుంటే అన్నిటికీ డబ్బు రావాల్సిందే.

వాస్తవం: రైతుబంధు కాలంలో దాదాపు అలాగే నడిచింది. గుట్టలకూ, వెంచర్లకూ డబ్బు పోతోందన్న విమర్శ ఎక్కువగా వచ్చింది అందుకే. 2025 జనవరి మార్గదర్శకాలు సాయాన్ని సాగుకు యోగ్యమైన భూములకే పరిమితం చేశాయి. ప్లాట్లుగా మారిన భూములు, పరిశ్రమలు, గోదాములు, మైనింగ్ జరిగే చోట్లు, రోడ్ల కింద పోయినవి, రాళ్లురప్పలు గుట్టలతో నిండినవి తొలగించారు. అటవీ హక్కుల పట్టా ఉన్న పోడు భూములకు సాయం వర్తిస్తుంది. మీ పొలం నిజంగా సాగుభూమి అయి ఉండి కూడా జాబితాలోంచి తప్పిపోతే వ్యవసాయ విస్తరణాధికారిని పొలానికి తీసుకెళ్లి చూపించండి, తహసీల్దారుకు దరఖాస్తు ఇవ్వండి.

అపోహ: నగదు ఇస్తున్నారు కాబట్టి ఎరువుల సబ్సిడీ ఎత్తేశారు.

వాస్తవం: ఎరువుల సబ్సిడీ వేరే పద్దు, పెట్టుబడి సాయం వేరే పద్దు. 45 కిలోల యూరియా బస్తా రైతుకు రూ.266.50కు దొరుకుతోందంటే అసలు ఖర్చులో అధిక భాగం కేంద్రం మోస్తున్నందువల్లే. డీఏపీ బస్తా రూ.1,350కి అందడం వెనకా సబ్సిడీయే ఉంది. ఎరువుల దుకాణంలో ఆధార్ అడిగి యంత్రంపై వేలిముద్ర పెట్టించుకుంటారు కదా, ఆ అమ్మకం నమోదైన తర్వాతే సబ్సిడీ సొమ్ము విడుదలవుతుంది. అది వెళ్లేది రైతు ఖాతాకు కాదు, ఎరువుల కంపెనీకి. మీ పేరు మీద ఎవరో బస్తాలు రాయించుకుంటే ఆ లెక్క మీకే పడుతుంది. కాబట్టి కొనని ఎరువుకు వేలిముద్ర వేయకండి.

అపోహ: కౌలుదారు పేరు రాయిస్తే భూమి చేజారిపోతుంది.

వాస్తవం: తెలుగునాట రైతుకు అన్నిటికంటే ఎక్కువ నష్టం చేస్తున్న అపోహ ఇదే. భూయజమానుల భయానికి మూలం లేకపోలేదు. తెలంగాణలో 1950 నాటి కౌలుదారీ చట్టం కింద రక్షిత కౌలుదారులకు యాజమాన్య హక్కులు దక్కాయి. ఆంధ్ర ప్రాంతంలో 1956 చట్టం కౌలుదారుకు గట్టి రక్షణ ఇచ్చింది. కౌలు కాగితంపై పెట్టకూడదన్న జాగ్రత్త ఆనాటి నుంచీ వస్తోంది. ఒప్పందాలన్నీ నోటిమాటగానే సాగుతున్నాయి.

అయితే ఆంధ్రప్రదేశ్‌లో 2019లో వచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం ఆ భయాన్ని తీర్చేలాగే రాశారు. ఒప్పందం 11 నెలలకే. యజమాని సంతకం లేనిదే కౌలు కార్డు రాదు. ఆ కార్డు పంటమీద హక్కే తప్ప భూమిమీద ఏ హక్కునూ ఇవ్వదు. పంట రుణం, బీమా, నష్టపరిహారం, ధాన్యం అమ్మకం సాగుచేసినవాడి పేర్న జరగడానికి అది ఉపయోగపడుతుంది. ఇందులో యజమాని కోల్పోయేది ఏమీ లేదు.

అయినా చాలామంది సంతకం పెట్టరు. కార్డు లేని కౌలురైతు ప్రభుత్వం కంటికి కనిపించడు. పీఎం కిసాన్ పట్టాదారులకే పరిమితం. వైఎస్సార్ రైతు భరోసా కౌలుదారుల్లో భూమిలేని ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీలకే వర్తించింది. ఇప్పటి అన్నదాత సుఖీభవ కూడా కౌలు కార్డునే ఆధారంగా తీసుకుంది. తెలంగాణలో 2023 ఎన్నికల హామీల్లో కౌలురైతు ఉన్నాడు, 2025 జనవరి మార్గదర్శకాల్లో మాత్రం డబ్బు పట్టాదారుకే. కూలీ కుటుంబాలకు ఇందిరమ్మ ఆత్మీయ భరోసా పేరుతో ఏడాదికి రూ.12 వేలు ప్రకటించారు. భూమిలేని కౌలురైతు కుటుంబమైనా సరే, ఉపాధి హామీలో కనీసం 20 రోజులు పనిచేసి ఉంటేనే ఆ కోవలోకి వస్తుంది. విత్తనం కొన్నదీ, అప్పు తెచ్చిందీ, వానకు తడిసిన ధాన్యాన్ని ఎత్తుకున్నదీ ఒకరైతే పెట్టుబడి సాయం మరొకరి ఖాతాలో పడుతోంది. దీన్ని చిన్న సాంకేతిక లోపంగా కొట్టిపారేయడానికి వీల్లేదు. ఈ పథకాల అసలు కొరత ఇదే.

అపోహ: ఇచ్చిన డబ్బు ఎప్పటికైనా వెనక్కి కట్టాల్సిందే.

వాస్తవం: పెట్టుబడి సాయం అప్పు కాదు. అర్హులు పైసా తిరిగి కట్టనక్కర్లేదు. అనర్హులై ఉండి తీసుకున్నవారు కట్టాలి. ఆదాయపు పన్ను చెల్లించేవారు సహా అనర్హుల నుంచి ఇప్పటికే వందల కోట్ల రూపాయలు రాబట్టారు. అనర్హులమని తెలిసినవారు స్వచ్ఛందంగా తిరిగి కట్టే వీలు పీఎం కిసాన్ పోర్టల్‌లోనే ఉంది.

అపోహ: పీఎం కిసాన్ రూ.12 వేలైంది, ఈ లింకు నొక్కితే పేరు నమోదవుతుంది.

వాస్తవం: రూ.12 వేలకు పెంచాలని పార్లమెంటు వ్యవసాయ స్థాయీ సంఘం 2024 డిసెంబరులో సిఫారసు చేసింది. సిఫారసు చేస్తే అమలైనట్టు కాదు. 2025 నవంబరు 19న విడుదలైన 21వ విడతలోనూ ఇచ్చింది రూ.2 వేలే. పథకం పేరుతో వాట్సాప్‌లో తిరుగుతున్న ఏపీకే ఫైళ్లు మోసగాళ్లవి. నొక్కారంటే ఖాతా ఖాళీ అవుతుంది. ఓటీపీ ఎవరికీ చెప్పకండి. సందేహం ఉంటే పీఎం కిసాన్ హెల్ప్‌లైన్ 155261కి ఫోన్ చేయండి.

రైతు సోదర సోదరీమణులకు ఒక మాట. తదుపరి విడత కోసం ఎదురుచూస్తూ కూర్చోకుండా ఈ వారంలోనే పాసుపుస్తకంలో పేరు, విస్తీర్ణం, ఆధార్‌లో పేరు, బ్యాంకు అనుసంధానం, ఈ-కేవైసీ సరిచూసుకోండి. తెలంగాణలో రైతు వేదిక, మీసేవ, ఆంధ్రలో రైతు సేవా కేంద్రం, సచివాలయం మీకోసమే ఉన్నాయి. చదువుకున్న పిల్లలు ఊరికి వచ్చినప్పుడు తల్లిదండ్రుల వివరాలు ఒకసారి చూసిపెట్టాలి. భూమిని కౌలుకిచ్చినవారు సాగుచేస్తున్న మనిషి కార్డుపై సంతకం పెట్టాలి.

ప్రభుత్వాలకూ ఒక విన్నపం. డబ్బు పడితే మెసేజ్ పంపుతున్నట్టే, డబ్బు ఆపితే ఎందుకు ఆపారో, ఎవరిని కలవాలో తెలుగులో రైతుకు తెలియజేయాలి. ఆపేముందే గడువు ఇవ్వాలి. సాగుచేసే మనిషి పేరు రికార్డులోకి ఎక్కించే బాధ్యతను ఆ మనిషిపైనే వదిలేయకుండా తామే తీసుకోవాలి. రైతుకు రావాల్సిన సొమ్ము ఎందుకు ఆగిందో తెలుసుకోవడం అతని హక్కు.