దూరపు కొండలు

హిందూపురము, పెనుకొండ, ధర్మవరము: ఈ మూడు పట్టణములును ఒక్క రైలుమార్గముననే యున్నవి. ఆ మార్గము దక్షిణమునకు సాగి బెంగుళూరును జేరును. ఒకప్పుడీ ప్రాంతపు యువకునికి పొరుగూరి కొలువనిన బెంగుళూరే. నేడు బెంగుళూరు మజిలీ మాత్రమే. దేవనహళ్లి విమానాశ్రయము దాటినగాని ప్రయాణము మొదలైనట్లు వారు తలంపరు. హిందూపురపు బెల్లపు మండీలలోను, ధర్మవరపు పట్టుచీరల యంగళ్లలోను, పెనుకొండ యరుగులమీదను వినబడు పేరు డల్లాసు. ఆ నగరమును జూచినవారు కొందఱే. దానిని వర్ణించువారు మాత్రము పెక్కండ్రు. దూరపు కొండలు నునుపను సామెత యీ కొండసీమవారికి వేఱుగ జెప్పవలసినది గాదు.

పరదేశపు నగరమును స్వర్గముగా దలంచుట మనకే పట్టిన భ్రమ కాదు. 1520 ప్రాంతమున పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేయిస్ విజయనగరమును దర్శించి, అది రోమునగరమంత పెద్దదని వ్రాసెను. నాడు పరదేశీయులకు మన నగరమే స్వప్నము. అటుపిమ్మట నలువదియైదేండ్లకే, 1565లో, రాక్షసితంగడి యుద్ధమున రాజ్యము విఱిగి, తిరుమలరాయలు పరివారముతో నీ పెనుకొండకే తరలివచ్చెను. నగరమెంత వైభవము గలదైనను నమ్మి వచ్చినవానికి శాశ్వతమైన హామీ యీయజాలదని మన కోటగోడలే సాక్ష్యమిచ్చుచున్నవి.

ఆధునిక కాలమున తెలుగువారి తొలి స్వప్ననగరము రంగూను. మన సీమనుండి పోయినవారు తక్కువే; కోస్తా జిల్లాల పేదలు కాకినాడ, విశాఖపట్టణపు రేవులలో నోడలెక్కి వేలకొలదిగా బోయిరి. ఓడలలో సరకు దింపిరి, బియ్యపు మిల్లులలో బస్తాలు మోసిరి, రిక్షాలు లాగిరి. 1930 మే నెలలో తెలుగు రేవుకూలీలు కూలిపెంపునకై సమ్మె చేయగా యజమానులు వారి స్థానమున బర్మీయులను బెట్టిరి. రాజీ కుదిరిన పిమ్మట వారిని దీసివేసి మనవారిని మరల జేర్చుకొనిరి. ఆ కోపమునకు వీథులలో బలియైనవారు తెలుగు కూలీలు. 1931 జనగణన నాటికి రంగూను జనములో సగముకంటె నెక్కువమంది భారతీయులే. అంతమంది యుండియు నూరు తమది కాలేదు. 1941 డిసెంబరులో జపానువారి బాంబులు పడగా, 1942లో లక్షలాదిగ జనులు కొండలు నడవులు దాటి కాలినడకను స్వదేశమునకు వచ్చిరి. వేలమంది త్రోవలోనే రాలిపోయిరి. యుద్ధానంతరము మరల కుదురుకొన్నవారిని 1964లో నచ్చటి సైనిక ప్రభుత్వము అంగళ్లను జాతీయము చేసి వట్టిచేతులతో బంపివేసెను. విశాఖపట్టణమున బర్మా క్యాంపని నేటికిని పిలువబడు పేట ఆ కథకు మిగిలిన గుఱుతు.

కూలీల గతి యట్లయినది గాని విద్యావంతుల కట్లు కాదందురేమో. భీమవరమున జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావుగారు 1923లో బోస్టను నగరమున నడుగిడిరి. పొట్టకూటికై యాసుపత్రిలో రాత్రులు సేవకుడుగా బనిచేసిరి. 1925లో వారు ఫిస్కేగారితో గూడి ప్రకటించిన భాస్వర పరీక్షావిధానము రసాయనశాస్త్రమున సుప్రసిద్ధము. అయినను హార్వర్డు విశ్వవిద్యాలయము వారికి స్థిరమైన పదవి నీయలేదు. 1948లో పరదేశముననే కన్నుమూసిరి. తల్లిని, భార్యను మరల జూచు భాగ్యము వారికి గలుగలేదు. వారు పోయిన 1923లోనే భగత్‌సింగ్ థిండ్ వ్యాజ్యమున అమెరికా అత్యున్నత న్యాయస్థానము భారతీయులు పౌరసత్వమున కర్హులు కారని తీర్పు చెప్పెను. 1946 వఱకు నా తలుపు తెఱచుకొనలేదు. విద్యను గ్రహించిన నగరము విద్యావంతుని గ్రహింపక పోవచ్చునని దీనివలన దెలియుచున్నది.

నేటి స్థితి నాటికంటె మేలు, సందేహము లేదు. అమెరికాలో తెలుగు మాటలాడువారు నాలుగు లక్షలకు మించిరి. మన పిల్లలు గౌరవమైన పనులలో నున్నారు. కాని చట్టమును జదివి చూడుడు. ఉద్యోగపు వీసాలలో సాధారణ కోటా యేటికి 85,000. కోరువా రంతకు మించినపుడు కొందఱికి దొరకదు. శాశ్వత నివాసానుమతులలో నే యొక్క దేశమున బుట్టినవారికిని నూటికి ఏడు పాళ్లకు మించరాదు. అందుచేత భారతీయులు దశాబ్దములు వరుసలో నిలువవలసియున్నది. ఈలోగా తలిదండ్రులతో బోయిన పిల్లలు 21 యేండ్లు నిండగానే వారి యనుమతి క్రిందనుండి తొలగుదురు. 2025 సెప్టెంబరులో వెలువడిన యొక ప్రకటన క్రొత్త దరఖాస్తులపై లక్ష డాలర్ల రుసుము విధించెను. ఒక్క రాత్రిలో వెలువడిన కాగిత మెన్ని యిండ్లలో దీపములను వణికించెనో పాఠకు లెఱుగుదురు.

ఈ వణకు అక్కడి పిల్లవానిదే కాదు, ఇక్కడి పొలముది. వానలు తక్కువైన యీ సీమలో తాతలు బావి త్రవ్వి నిలిపిన నాలుగెకరములను తాకట్టు పెట్టి, రూపాయలలో ఋణము దెచ్చి, డాలర్లలో దీర్చుకొందమని యాశించుచున్నాము. ఆశ తప్పు గాదు; లెక్క వేయకుండుట తప్పు. అంతకంటె ఘోరమైన తప్పు మఱియొకటి గలదు: తిరిగి వచ్చినవానిని "పని చెడి వచ్చినాడా" యని బంధువులందఱు గ్రుచ్చి గ్రుచ్చి యడుగుట. ఆ ప్రశ్నకు జడిసియే యెందఱో యువకులు వీసా పోయినను, ఆరోగ్యము చెడినను, ఋణము పెరిగినను ఇంటికి నిజము వ్రాయరు. పరదేశపు చట్టము వారిని బంధింపలేదు; మన నాలుకలే బంధించుచున్నవి.

దూరదేశము నమ్మినవాడు మనవాడొక్కడే కాడు. 2017లో ఒప్పందము కుదిరి, 2019లో పెనుకొండ చెంత ఎఱ్ఱమంచిలో కియా కార్ల కర్మాగారము పనికి వచ్చెను. ఆ పనికై కొరియనులు సముద్రము దాటి మన బీళ్లకు వచ్చిరి. తమ దేశమున స్థానమును భద్రముగా నుంచుకొని పనికి వచ్చి, పని ముగియగానే తల యెత్తుకొని తిరిగి పోవుదురు. ఆ నడత మన యువకులును, వారికంటె ముందుగా వారి తలిదండ్రులును, నేర్వవలసినది.

కాబట్టి పోదలచినవారిని పోనిండు. పోవుటకు ముందు చేరబోవు విద్యాలయపు ప్రతిష్ఠను, చట్టపు షరతులను ఏజెంటు నోట గాక స్వయముగా దెలిసికొనుడు. ఉన్న పొలమంతయు నొక్క టిక్కెట్టుపై నొడ్డకుడు. అన్నిటికంటె ముఖ్యముగా, ఇంటి తలుపు వానికై తెఱచియుంచుడు. దూరపు కొండ నునుపు గాదని తెలిసికొని మరలివచ్చినవానికి దాపునున్న కొండపై నిలువ నింత చోటు చూపలేని యూరు, వాడు పోయెనని వగచుటకు నర్హము గాదు.